కిషన్‌బాగ్ దారిలో ఒక కష్టమైన పుస్తకం

హైదరాబాద్ పాతబస్తీలో జూపార్కు దగ్గరే బహదూర్‌పురా చౌరస్తా ఉంది. అక్కడి నుంచి కిషన్‌బాగ్ ఎంతో దూరం కాదు. కిషన్‌బాగ్‌లో పాత కృష్ణాలయం ఉంది. ఇటు బహదూర్‌పురాలో సిద్దిఖ్ గుల్షన్ అనే చోట ఒక పండితుడి సమాధి ఉంది. ఆయన పేరు మౌలానా అబ్దుల్ ఖదీర్ సిద్దిఖీ. కవిత్వంలో ‘హస్రత్’ అనే కలం పేరు. 1871లో పుట్టి 1962లో కన్నుమూశారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో దీనియాత్ శాఖకు (మతశాస్త్ర విభాగానికి) అధిపతిగా పనిచేశారు. ఉర్దూలో ఖురాన్ వ్యాఖ్యానం రాశారు. దాంతోపాటు మరో పని చేశారు. ఇస్లామీయ తత్త్వంలో అత్యంత కష్టమైనదని, ప్రమాదకరమైనదని పేరుపడిన ఒక అరబీ పుస్తకాన్ని ఉర్దూలోకి తెచ్చారు. ఆ పుస్తకం పేరు ‘ఫుసూసుల్ హికమ్’. రాసినవాడు ఇబ్న్ అరబీ.

ఆ పుస్తకం చుట్టూ ఏడెనిమిది వందల ఏళ్లుగా ఒక ప్రశ్న తిరుగుతోంది. తాను కనుగొన్న సత్యం ఎదుటివాడికి అర్థం కాదేమోనన్న అనుమానం ఉన్నప్పుడు తత్త్వవేత్త ఏం చేయాలి? ఉన్నదున్నట్టు చెప్పేయాలా? అర్హత చూసి కొందరికే చెప్పాలా? అసలు నోరు మూసుకోవాలా? ఇది ముస్లిం పండితులకే వచ్చిన ప్రశ్న కాదు. అద్వైతానికీ వచ్చింది, వైష్ణవానికీ వచ్చింది, మన పల్లెల్లో తత్త్వాలు పాడేవాళ్లకూ వచ్చింది. ఈ రోజు ఫోన్‌లో ఉపన్యాసాల ముక్కలు వినే ప్రతివాళ్లకూ ఇది ఎదురవుతోంది.

ముందు ఆ పుస్తకంలో ఏముందో చూద్దాం. లేకపోతే ప్రమాదం ఎక్కడుందో తెలియదు.

ఇబ్న్ అరబీ 1165లో స్పెయిన్‌లోని మూర్సియాలో పుట్టాడు. 1240లో డమాస్కస్‌లో చనిపోయాడు. ‘ఫుసూస్’లో 27 అధ్యాయాలున్నాయి. ఒక్కో అధ్యాయం ఒక ప్రవక్త పేరు మీద ఉంటుంది. 1229 చివర్లో డమాస్కస్‌లో తనకు ఒక కల వచ్చిందని ఆయన ముందుమాటలోనే చెబుతాడు. కలలో ప్రవక్త ఈ పుస్తకాన్ని తన చేతికిచ్చి, దీన్ని జనంలోకి తీసుకెళ్లు, వాళ్లకు మేలు జరుగుతుందని చెప్పారంటాడు. ఇక్కడ కొంచెం ఆగాలి. ఇంత కష్టమైన పుస్తకం తన పుట్టుక గురించి చెప్పుకుంటూ జనం పేరు ఎత్తుతోంది. దాచుకోమని చెప్పడం లేదు.

పుస్తకంలోని మూలభావానికి తర్వాతి వాళ్లు ‘వహ్దతుల్ వుజూద్’ (ఉనికి ఒక్కటే) అని పేరు పెట్టారు. వాదం ఇలా నడుస్తుంది. మనకు కనిపించే ప్రతి వస్తువూ ఒకప్పుడు లేదు, మరొకప్పుడు ఉండదు. అంటే ఉండటం దాని సొంత స్వభావం కాదు. ఎక్కడి నుంచో వచ్చింది. తనంత తానుగా ఉన్నది ఒక్కటే. అది దేవుడు. మిగతావన్నీ ఆ ఉనికి వల్ల కనబడుతున్నాయి. పాతబస్తీ దేవిడీల్లో (పెద్ద భవనాల్లో) తలుపుల పైన రంగుగాజులు ఉండేవి. ఎండ పడితే నేల మీద ఎర్రటి మరక, పచ్చటి మరక కనబడతాయి. వెలుగు ఒక్కటే. ఎరుపు ఆ గాజుది. ఎరుపే సూర్యుడు అనలేం. సూర్యుడు లేకుండా ఆ ఎరుపు ఉందనీ అనలేం. ఇబ్న్ అరబీ చెప్పేది ఈ రెండు ‘అనలేం’ల మధ్య ఉంది.

ఇప్పుడు ఇదే మాటను ఒక్క వాక్యంగా కుదించి, ఏ పరిచయమూ లేని మనిషి ముందు పెట్టండి. ‘ఉన్నది దేవుడొక్కడే.’ ఏం జరుగుతుంది?

ఒకాయన ఇలా వింటాడు: అయితే అన్నీ దేవుడే. నేనూ దేవుడే. ఇక నమాజు ఎవరికి, పాపం ఎక్కడిది? ఇంకొకాయన ఇలా వింటాడు: వీడు రాయికీ దేవుడికీ తేడా లేదంటున్నాడు, ఇది షిర్క్ (దేవుడికి సాటి కల్పించడం). ఒకడు దారి తప్పాడు, మరొకడు కత్తి దూశాడు. ఇద్దరూ విన్నది ఒకే వాక్యం. ఇద్దరి దగ్గరా జారిపోయింది ఒకే మాట: తనంత తానుగా. ఆ మాట వాక్యంలో లేదు, దాని వెనుక నడిచిన వాదంలో ఉంది. వాదం వినకుండా ముగింపు మాత్రం విన్నారు.

అద్వైతానికి జరిగిందీ ఇదే. శంకరులు రెండు స్థాయిలు పెట్టారు. ఒకటి వ్యావహారికం (రోజువారీ బతుకులో నిజమైనది). రెండోది పారమార్థికం (చివరి విచారణలో నిలిచేది). ప్రపంచం మిథ్య అన్నది రెండో స్థాయిలో అన్న మాట. మొదటి స్థాయిలో అప్పు అప్పే, ఆకలి ఆకలే. స్థాయి చెప్పకుండా మాట మాత్రం వీధిలోకి వస్తే, ప్రపంచమంతా అబద్ధం అన్నారట అని వినబడుతుంది. మన ఊళ్లలో వేదాంతం మాట్లాడేవాణ్ణి పని తప్పించుకునేవాడిగా చూసే అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో దీన్నిబట్టి కొంత అర్థమవుతుంది.

ఇలా తప్పుగా వినేవాడు తెలివితక్కువవాడని అనుకోకూడదు. నా అంచనాలో చాలాసార్లు చురుకైనవాడే ముందు తప్పుతాడు. మనసు ఖాళీని ఖాళీగా ఉంచదు. వాదంలో ఒక మెట్టు వినబడకపోతే తన దగ్గరున్న మెట్టు ఒకటి అక్కడ వేసుకుని పైకి ఎక్కుతుంది. బుర్ర ఎంత చురుగ్గా ఉంటే అంత తొందరగా వేసుకుంటుంది. ‘నాకు అర్థం కాలేదు’ అనే శ్రోతతో ఎవరికీ ప్రమాదం లేదు. అతను మళ్లీ అడుగుతాడు, లేదా లేచి వెళ్లిపోతాడు. ‘అర్థమైపోయింది’ అని లేచినవాడి తలలో ఏం అర్థమైందో చెప్పినవాడికి తెలియదు. అసలు చిక్కు అక్కడుంది.

పాతకాలపు పండితులకు ఇది బాగా తెలుసు. జనానికి వాళ్లు ఎరిగినంత మేరే చెప్పండి అని హజ్రత్ అలీ హెచ్చరించినట్టు బుఖారీ హదీసుల సంకలనంలో ఉంది. అందులో చెప్పిన కారణం ముఖ్యం. అందని మాట చెబితే జనం దైవాన్నీ, ప్రవక్తనూ అబద్ధమంటారు, అది మీకు ఇష్టమా అని ఆయన అడుగుతారు. జనం తక్కువవాళ్లన్న భావం అందులో లేదు. తొందరపడి చెప్పినవాడి వల్ల జనం సత్యానికే దూరమవుతారన్న ఆందోళన ఉంది. భగవద్గీత మూడో అధ్యాయంలోనూ దాదాపు ఇదే జాగ్రత్త కనబడుతుంది. కర్మలో నమ్మకంతో నడుస్తున్నవాళ్ల బుద్ధిని తెలిసినవాడు చెదరగొట్టకూడదని అక్కడ కృష్ణుడు చెబుతాడు.

ఆ జాగ్రత్త పాటించకపోతే ఏమవుతుందో చెప్పడానికి అందరూ హల్లాజ్ కథ ఎత్తుతారు. ‘అనల్‌హఖ్’ (నేనే సత్యం) అన్నాడని పేరుపడిన సూఫీ. 922లో బాగ్దాదులో ఆయనకు మరణశిక్ష వేశారు. ఆ కేసులో దర్బారు రాజకీయాలూ ఉన్నాయి, ఆ ఒక్క మాటకే చంపారనడం సరికాదు. అయితే తర్వాతి సూఫీలలో చాలామంది ఆయన మీద మోపిన నేరం వేరు. ఆయన చెప్పింది తప్పని వాళ్లు అనలేదు. చెప్పకూడని చోట చెప్పాడన్నారు. అదే బాగ్దాదులో, అదే కాలంలో జునైద్ అనే గురువు ఉండేవాడు. 910లో చనిపోయాడు. ఇలాంటి అనుభవాల గురించే ఆయన శిష్యులకు ఉత్తరాలు రాశాడు. ఆ ఉత్తరాలు వేరేవాళ్ల చేతికి చిక్కినా సులభంగా బోధపడనంత ఆచితూచి రాశాడు.

తర్వాత గజాలీ వచ్చాడు. 1111లో చనిపోయిన ఈ మహా పండితుడు చివరి రోజుల్లో సామాన్యులను మతతర్కం నుంచి దూరంగా ఉంచాలని ప్రత్యేకంగా ఒక గ్రంథమే రాశాడు. ఆయన మీద స్పెయిన్ తత్త్వవేత్త ఇబ్న్ రుష్ద్ ఒక ఫిర్యాదు చేశాడు: దాచమని చెబుతూనే గజాలీ లోతైన వ్యాఖ్యానాలను అందరూ చదివే పుస్తకాల్లో పెట్టేశాడని. ఇబ్న్ రుష్ద్ తన ‘ఫస్లుల్ మఖాల్’లో శ్రోతలను మూడు రకాలుగా విడగొట్టాడు. మంచి ప్రసంగంతో ఒప్పుకునేవాళ్లు, వాదనతో ఒప్పుకునేవాళ్లు, రుజువుతో తప్ప ఒప్పుకోనివాళ్లు. రుజువుకు సంబంధించిన మాటలు మూడో రకం దగ్గరే ఉండాలన్నాడు. ఇంత జాగ్రత్తపడిన మనిషిని 1195లో కార్డోబా నుంచి వెళ్లగొట్టారు, పుస్తకాలు తగలబెట్టారు. చనిపోవడానికి కొంచెం ముందు మళ్లీ ఆదరించారు. దాచినంత మాత్రాన కాపాడుకోగలమని లేదన్నమాట.

ఈ ఇబ్న్ రుష్ద్‌ను ఇబ్న్ అరబీ కుర్రతనంలో కలిశాడు. ఆ కలయికను తానే రాసుకున్నాడు. పెద్దాయన ఒక ప్రశ్న సూచించగా కుర్రాడు అవునన్నాడు. పెద్దాయన సంతోషించాడు. ఆ సంతోషం ఎందుకో గ్రహించి కుర్రాడు వెంటనే కాదన్నాడు. పెద్దాయన ముఖం పాలిపోయింది. నాకు ఈ కథలో నచ్చేది కుర్రాడి తెలివి కాదు. తన ‘అవును’ను ఎదుటివాడు ఎలా విన్నాడో అతను ముఖంలో చూశాడు. చూసి, అప్పటికప్పుడు సరిదిద్దాడు. ఎదురుగా కూర్చుంటేనే అది కుదురుతుంది.

దాచడానికి కూడా ఖరీదు ఉంది. దాచిన విద్యకు కాపలాదారులు పుడతారు. ‘మీకు అర్థం కాదులే’ అన్న మాట మొదట శ్రోత మీద దయతో పుట్టి ఉండవచ్చు. రెండు తరాలు గడిచేసరికి అది కాపలాదారు హోదాకు పునాది అవుతుంది. ఎవరూ అడగరు కాబట్టి లోపల ఏముందో, అసలు ఉందో లేదో తేలదు. మన దేశంలో ఈ మాటను కులాన్ని చూసి కూడా వాడారు. అర్హత అనే మాటతో ఎంతమందిని గడప బయటే నిలబెట్టారో మనకు తెలుసు. అందుకే, జాగ్రత్త అవసరమని ఒప్పుకుంటూనే, ఆ జాగ్రత్త పేరుతో తలుపు మూయడాన్ని నేను సమర్థించలేను.

హస్రత్ సిద్దిఖీ గారి పని ఇక్కడ గుర్తుకు తెచ్చుకోవాలి. ఆయన కాలంలో హైదరాబాద్‌లో ఒక పెద్ద ప్రయత్నం జరుగుతోంది. 1917లో దారుల్ తర్జుమా (అనువాద సంస్థ) పెట్టారు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం మొదలైంది. గణితం, రసాయనం, తత్త్వం అన్నీ ఉర్దూలో చెప్పాలని సంకల్పం. ఉన్నత విద్యను ఒక దేశభాషలో మొదటి నుంచి చివరిదాకా చెప్పవచ్చని నిరూపించాలనుకున్నారు. అదే ఊళ్లో దాయిరతుల్ మఆరిఫ్ అనే ప్రచురణ సంస్థ 1888 నుంచి అరుదైన అరబీ గ్రంథాలు అచ్చువేస్తోంది. ఇబ్న్ అరబీ చిన్న గ్రంథాల సంపుటం 1948లో అక్కడి నుంచే వచ్చింది. అరబీలో ఉన్నంతకాలం ఆ పుస్తకాలకు భాషే కాపలా. అరబీ వచ్చినవాడికి గురువు ఉంటాడు, గురువు ఉంటే సందేహం తీరుతుంది. ఉర్దూలోకి వస్తే ఆ కాపలా పోతుంది. చదవడం వచ్చిన ఎవరైనా తెరవవచ్చు. సిద్దిఖీ గారికి ఇది తెలియకుండా ఉండదు. తెలిసే అనువదించారు. ఉత్త అనువాదంతో వదిలేయకుండా వివరణలు కలిపారు.

ఆ సంప్రదాయంలో ఇలాంటి పుస్తకం ఎలా చదువుతారో దగ్గరగా చూస్తే సంగతి తెలుస్తుంది. దీన్ని దర్స్ (పాఠం) అంటారు. గురువు చుట్టూ నేల మీద కూర్చుంటారు. ఒక విద్యార్థి ఇబారత్ (మూలపాఠం) పైకి చదువుతాడు. హల్లు మీద స్వర చిహ్నం తప్పుగా పలికితే గురువు అక్కడే ఆపుతాడు, ఎందుకంటే అరబీలో ఆ చిన్న తేడాతో కర్త కర్మ అయిపోతుంది. సరిగా చదివాక గురువు విడమర్చి చెబుతాడు. తర్వాత విద్యార్థి దాన్నే తన మాటల్లో తిరిగి చెప్పాలి. అతను తిరిగి చెప్పినప్పుడే ఏ మెట్టు జారిపోయిందో, దాని స్థానంలో సొంత మెట్టు ఏది వేసుకున్నాడో బయటపడుతుంది. అప్పుడు గురువు వెనక్కి వెళతాడు. ఒక్కోసారి ఒక్క వాక్యం దగ్గరే ఆ రోజు పాఠం అయిపోతుంది. బయటివాళ్లకు ఇది సాగదీతలా కనబడుతుంది. పని జరిగేది ఆ సాగదీతలోనే.

ఇంకో నిజం కూడా చెప్పాలి. నిజాం రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడింది తెలుగు. ఉర్దూలోకి తెచ్చిన జ్ఞానం నగరంలోని చదువుకున్నవాళ్లకు దగ్గరైంది గానీ తెలుగు పల్లెకు దూరంగానే ఉండిపోయింది. ఆ లోటు తీర్చడానికి తెలుగువాళ్లు తమ దారి తాము వెతుక్కున్నారు. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం పుట్టడం అందులో మొదటి అడుగుల్లో ఒకటి.

తత్త్వం మాత్రం తెలుగు పల్లెకు గ్రంథాలయం కంటే ముందే, పాటగా చేరింది. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి, ఆయన శిష్యుడు దూదేకుల సిద్దయ్య పేర్ల మీద ఉన్న తత్త్వాలు ఇప్పటికీ పాడతారు. ముస్లిం కుటుంబంలో పుట్టిన సిద్దయ్యను బ్రహ్మంగారు శిష్యుడిగా తీసుకోవడమే అర్హత గురించిన పాత లెక్కను పక్కన పెట్టిన పని. ఈ పాటల పద్ధతి గమనించదగ్గది. ఏక్‌తారా మీటుతూ ఒకరు అందుకుంటారు, మిగతావాళ్లు వంత పాడతారు. పాటలో తొమ్మిది వాకిళ్ల ఇల్లు ఉంటుంది, చిలక ఉంటుంది, తోట ఉంటుంది. చిన్నపిల్లలకు అది చిలక పాట. పెద్దలకు అది శరీరం, ప్రాణం. ఎవరినీ బయటికి పంపరు, అందరి ముందే పాడతారు. సత్యం దాచిపెట్టలేదు, చుట్టిపెట్టారు. ఎవరికైనా అనుమానం వస్తే పాట అయ్యాక అడుగుతారు: ఆ తొమ్మిది వాకిళ్లేమిటి తాతా? అడిగినవాడికి విప్పి చెబుతారు. అడిగాడంటే తాను విన్నది పూర్తి కాదని అతనికి తెలిసింది. దానికి మించిన అర్హత పరీక్ష ఉందని నేను అనుకోను.

రామానుజుల కథ మనవాళ్లందరికీ తెలుసు. తిరుక్కోష్టియూర్ నంబి దగ్గరకు 18 సార్లు తిరిగి మంత్ర రహస్యార్థం సంపాదించారని, గురువు వద్దన్నా దాన్ని అందరికీ వినిపించారని, తాను నరకానికి పోయినా వీళ్లంతా తరిస్తే చాలన్నారని సంప్రదాయం చెబుతుంది. 2022లో శంషాబాద్ దగ్గర ముచ్చింతల్‌లో ఆయన 216 అడుగుల విగ్రహం ఆవిష్కరించినప్పుడు ఈ కథ మళ్లీ ఊరూరా వినబడింది. కథలో మనం వదిలేసే భాగం ఒకటుంది. ఆయన చెప్పేసి వెళ్లిపోలేదు. 74 మంది సింహాసనాధిపతులను (బోధించే ఆచార్యులను) నియమించారని అదే సంప్రదాయం చెబుతుంది. విన్నవాడు మర్నాడు వెళ్లి అడగడానికి ఒక గడప ఏర్పాటు చేశారన్నమాట.

దీనికి ఎదురు నిలిచే ఉదాహరణ మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి. 1895లో పుట్టారు. తనను జగద్గురువుగా నిలబెట్టడానికి పెట్టిన సంఘాన్ని 1929 ఆగస్టు 3న హాలండ్‌లోని ఓమెన్‌లో, వేలమంది అనుచరుల ముందే రద్దు చేశారు. ఆ తర్వాత 1986లో చనిపోయేదాకా అందరికీ బహిరంగంగానే మాట్లాడారు. తన మాటకు వ్యాఖ్యాతలు వద్దన్నారు, వారసులు వద్దన్నారు. వ్యాఖ్యాత వస్తే కాపలాదారు కూడా వస్తాడన్నది ఆయన భయం. ఆ భయం సరైనదే. వినేవాళ్లలో చాలామంది ఆయన ప్రశాంతతను విన్నారు గానీ ప్రశ్నను వినలేదని ఆయన సభల రికార్డులు చూస్తే తెలుస్తుంది. మధ్యలో ఆపి, మీరు నేను చెప్పింది ఒప్పుకుంటున్నారా, లేక స్వయంగా చూస్తున్నారా అని మళ్లీ మళ్లీ అడుగుతుంటారు. అయినా పెద్ద సభల కంటే రిషివ్యాలీ బడి పిల్లలతో కూర్చుని చేసిన సంభాషణలే నాకు ఎక్కువ సఫలమైనవిగా తోస్తాయి. అక్కడ పిల్లవాడు ఎదురు అడుగుతాడు. వ్యాఖ్యాతను వద్దన్న మనిషి కూడా ఎదురు ప్రశ్నను వద్దనలేదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, వినే పద్ధతి మారిపోయింది. గంటన్నర ప్రసంగం నుంచి నిమిషం ముక్క కోస్తారు. కోసేవాడు బలమైన వాక్యం కోసం వెతుకుతాడు. తత్త్వంలో బలమైన వాక్యం ఎప్పుడూ ముగింపే. ముందున్న వాదం పోతుంది, వెనకున్న ‘అయితే’ పోతుంది. మిగిలింది సరిగ్గా ఆ ప్రమాదకరమైన ఒంటరి వాక్యం. ఉన్నది దేవుడొక్కడే. జగత్తు మిథ్య. గురువు అక్కర్లేదు. ఆ ముక్క ఎవరి చేతికి పోతుందో మాట్లాడినవాడికి తెలియదు. కిషన్‌బాగ్‌లో చూసినవాడికీ, అమెరికాలో చూసిన తెలుగువాడికీ ఒకే నిమిషం అందుతుంది. కింద వేలమంది వ్యాఖ్యలు రాస్తారు గానీ వాళ్లు రాసేది ఒకరికొకరు. చెప్పినవాడి దగ్గరకు ఒక్క సందేహం కూడా తిరిగి రాదు. ఇబ్న్ అరబీ పెద్దాయన ముఖంలో చూసి సరిదిద్దుకున్నట్టు సరిదిద్దుకునే వీలు లేదు.

దీనివల్ల రెండు పరిణామాలు నా కంటికి కనబడుతున్నాయి. మంచి పండితులు కొందరు లోతైన విషయాలు సభల్లో ఎత్తడమే మానేస్తున్నారు. కథలు, నీతులు చెప్పి దిగిపోతున్నారు. ఇది జునైద్ జాగ్రత్తే, కానీ జునైద్ ఉత్తరాలు రాశాడు, వీళ్లు రాయడం లేదు. ఇటుపక్క, లోతు తెలియనివాళ్లు ధైర్యంగా ముగింపు వాక్యాలు మాత్రం వల్లిస్తున్నారు. వాళ్లకు చప్పట్లు వస్తున్నాయి. తెలిసినవాళ్లు మౌనంగా, తెలియనివాళ్లు నిర్భయంగా ఉంటే శ్రోతకు దొరికేది ఏమిటి? నాకు బాధ కలిగించేది ఇదే.

చెప్పేవాళ్లు చేయగలిగిన పనులు చిన్నవే. సభ అయ్యాక వెంటనే కారెక్కకుండా కాసేపు ప్రశ్నలకు కూర్చోవడం. ముందు వరసలోని భక్తుడి పొగడ్తను ఆపి, వెనక వరసలో నొసలు చిట్లించిన మనిషిని పలకరించడం. ఏం అర్థమైందో అతని మాటల్లో చెప్పమనడం. తప్పుగా చెబితే నవ్వకుండా, ఎక్కడ తెగిందో వెతికి అక్కడి నుంచి మళ్లీ మొదలుపెట్టడం. దర్స్‌లో గురువు రోజూ చేసేది ఇంతే. శ్రోతల వైపు నుంచి కూడా ఒకటుంది. ఒళ్లు జలదరించేలా ఒక వాక్యం వినబడితే, దాన్ని ఇంకో పదిమందికి పంపేముందు దాని ముందరి పది నిమిషాలు వెతికి వినాలి. వినడానికి అవి దొరకకపోతే, ఆ వాక్యం మనకు ఇంకా అందనట్టే లెక్క.